ట్రాక్టరు క్లచ్‌లో శబ్దాలు: విప్పకముందే లోపాన్ని గుర్తించే విధానం

పరిచయం

వరి సాగు చేసే ప్రాంతాలలో దుక్కి, దమ్ము, రవాణా పనులలో అధిక భాగం నేడు ట్రాక్టరుతోనే సాగుతున్నాయి. ఈ పనులన్నింటిలోనూ ఎక్కువ ఒత్తిడికి గురయ్యే భాగాలలో క్లచ్ ఒకటి. దమ్ము చేసేటప్పుడు మడి చివర ప్రతి మలుపులోనూ, ట్రాలీ లాగేటప్పుడు ప్రతి గేరు మార్పులోనూ డ్రైవరు క్లచ్ పెడలు తొక్కవలసి ఉంటుంది. కాబట్టి కాలక్రమేణా క్లచ్ అరగడం, దాని నుంచి శబ్దం రావడం సహజం.

శబ్దం మొదలైనప్పుడు సాధారణంగా రెండు రకాల నిర్ణయాలు తీసుకోవడం జరుగుతుంది. సీజను ముగిసేదాకా అలాగే నడపడం మొదటిది. వెంటనే ట్రాక్టరును విప్పించి క్లచ్ ప్లేటు మార్పించడం రెండవది. లోపం ఏ భాగంలో ఉన్నదో తెలియకుండా తీసుకుంటే ఈ రెండు నిర్ణయాలూ నష్టాన్నే కలిగిస్తాయి. ఎండిపోయిన రిలీజ్ బేరింగ్‌తో నడిపితే అది ప్రెషర్ ప్లేటు ఫింగర్లను అరగదీస్తుంది. చిన్న బేరింగ్‌తో పోయే ఖర్చు మొత్తం క్లచ్ సెట్టు వరకు పెరుగుతుంది. మరొక వైపు, శబ్దం గేర్ బాక్సు బేరింగ్ నుంచి వస్తున్నప్పుడు క్లచ్ ప్లేటు మార్పిస్తే సొమ్ము, సమయం రెండూ వృథా అయి శబ్దం మాత్రం మిగిలిపోతుంది.

ట్రాక్టరు క్లచ్‌ను చూడాలంటే ఇంజనును, గేర్ బాక్సును రెండుగా విడదీయాలి. బేరింగ్ మార్చడానికైనా ప్లేటు మార్చడానికైనా ఈ శ్రమ ఒక్కటే. అందువల్ల విడదీయకముందే శబ్దం ఏ భాగానిదో నిర్ధారించుకోవడం ఆర్థికంగా ముఖ్యమైన విషయం. దీనికి ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. పెడలు ఏ స్థితిలో ఉన్నప్పుడు శబ్దం వస్తున్నదో, ఏ స్థితిలో ఆగిపోతున్నదో క్రమపద్ధతిలో గమనిస్తే చాలు. ఆ క్రమాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్లచ్ నిర్మాణం, ఏ భాగం ఎప్పుడు తిరుగుతుంది?

ఇంజను వెనుక భాగంలో ఫ్లైవీల్ ఉంటుంది. దానికి బిగించిన కవరు లోపల ప్రెషర్ ప్లేటు, స్ప్రింగులు, ఫింగర్లు ఉంటాయి. ఫ్లైవీల్‌కు, ప్రెషర్ ప్లేటుకు మధ్య క్లచ్ ప్లేటు ఇమిడి ఉంటుంది. క్లచ్ ప్లేటు మధ్యభాగంలోని గాళ్లు గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మీది గాళ్లలో కూర్చుంటాయి. ఇన్‌పుట్ షాఫ్టు ముందు కొన ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగ్‌లో ఆనుకొని ఉంటుంది. వెనుక భాగాన్ని గేర్ బాక్సులోని బేరింగ్ మోస్తుంది. పెడలు తొక్కినప్పుడు ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ను ముందుకు నెడుతుంది. ఆ బేరింగ్ ఫింగర్లను నొక్కగా ప్రెషర్ ప్లేటు వెనుకకు జరిగి క్లచ్ ప్లేటు విడివడుతుంది.

ఈ భాగాలన్నీ ఎల్లప్పుడూ ఒకే విధంగా తిరగవు. శబ్ద నిర్ధారణకు ఆధారం ఇదే.

పెడలు వదిలి ఉన్నప్పుడు ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్టు మూడూ ఒకే వేగంతో కలిసి తిరుగుతాయి. షాఫ్టు, ఫ్లైవీల్ కలిసి తిరుగుతున్నందున వాటి మధ్య ఉన్న పైలట్ బేరింగ్‌కు పని ఉండదు. పెడలుకు తగినంత ఖాళీ కదలిక ఉంటే రిలీజ్ బేరింగ్ ఫింగర్లను తాకదు కాబట్టి అది కూడా తిరగదు. గేర్ బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

పెడలును కొద్దిగా తొక్కి ఖాళీ కదలిక పూర్తికాగానే రిలీజ్ బేరింగ్ ఫింగర్లను తాకి తిరగడం మొదలవుతుంది. అప్పటికి క్లచ్ ప్లేటు ఇంకా విడివడదు.

పెడలును మరింత తొక్కి క్లచ్ ప్లేటు విడివడిన తరువాత ఫ్లైవీల్ తిరుగుతూ, ఇన్‌పుట్ షాఫ్టు నిలిచిపోతుంది. అప్పుడు పైలట్ బేరింగ్ పనిలోకి వస్తుంది. గేర్ బాక్సు బేరింగ్ విశ్రాంతి తీసుకుంటుంది.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

ట్రాక్టరును సమతల ప్రదేశంలో నిలిపి పార్కింగ్ బ్రేకు వేయాలి. చక్రాలకు ముందు, వెనుక అడ్డు దిమ్మలు పెట్టాలి. పనిముట్లను విడదీసి, పి.టి.ఓ. లివరును ఆపి ఉంచాలి. ఒకరు సీటులో కూర్చొని పెడలు తొక్కుతుండగా మరొకరు పక్కన నిలబడి వినాలి. వినేవారు చక్రాల ముందు గాని వెనుక గాని నిలబడరాదు. వదులుగా వేలాడే కండువా, పంచె చెరగు, చీర కొంగు వంటివి ఫ్యాను బెల్టుకు, పి.టి.ఓ. షాఫ్టుకు దూరంగా ఉండాలి. పి.టి.ఓ. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. గుడ్డ చిక్కుకుంటే విడిపించుకొనే వ్యవధి కూడా ఉండదు.

చాలా ట్రాక్టర్లలో ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్ బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉండి, అవే ట్రాక్టరుకు వెన్నెముకగా పనిచేస్తాయి. అందువల్ల ఒకచోట పుట్టిన శబ్దం మొత్తం ఇనుప పోతలో వ్యాపించి మరొకచోట నుంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. శబ్దం ఎక్కడ వినిపిస్తున్నది అన్నదాని కంటే ఎప్పుడు వినిపిస్తున్నది అన్నదే నమ్మదగిన ఆధారం.

క్రమ పరీక్ష

మొదటి దశ: ఇంజను ఆపి ఉన్నప్పుడు. పెడలును నెమ్మదిగా నాలుగైదు సార్లు తొక్కి వదలాలి. ఈ దశలోనే కీచుమనే శబ్దం వస్తే లోపం తిరిగే భాగాలలో లేదు. పెడలు బుష్, లింకు రాడ్డు పిన్నులు, ఫోర్కు షాఫ్టు వీటిలో ఏదో ఒకటి గ్రీజు లేక ఎండిపోయింది లేదా అరిగిపోయింది. చాలా సందర్భాలలో గ్రీజు పెడితే సరిపోతుంది.

ఇదే సమయంలో పెడలు ఖాళీ కదలికను స్కేలుతో కొలవాలి. మెకానిక్కులు దీనిని ఫ్రీ ప్లే అంటారు. అనేక మోడళ్లలో ఇది 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది. అయితే కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. క్లచ్ ప్లేటు లైనింగు అరిగేకొద్దీ ఫింగర్ల కొనలు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి. కాబట్టి ఖాళీ కదలిక దానంతట అదే తగ్గుతూ వస్తుంది. అది పూర్తిగా పోతే బేరింగ్ నిరంతరం తిరుగుతూ త్వరగా పాడవుతుంది, క్లచ్ జారడం కూడా మొదలవుతుంది. ఖాళీ కదలికను సరిచేసిన తరువాతనే మిగిలిన పరీక్షలు చేయాలి. లేనియెడల ఫలితాలు తప్పుదారి పట్టిస్తాయి.

రెండవ దశ: ఇంజను నిదాన వేగంలో, గేరు న్యూట్రల్‌లో, పెడలు పూర్తిగా వదిలి. ఈ స్థితిలో హోరు లేదా గురగుర శబ్దం వస్తూ, పెడలు పూర్తిగా తొక్కగానే ఆగిపోతే లోపం గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఇంజను వేగం పెంచితే ఈ హోరు కూడా సమానంగా పెరుగుతుంది. అలా కాక, నిదాన వేగంలో మాత్రమే క్రమం లేని టకటక శబ్దం వచ్చి, వేగం పెంచగానే తగ్గితే క్లచ్ ప్లేటు మధ్యలోని డ్యాంపర్ స్ప్రింగులు వదులయ్యాయని లేదా విరిగాయని అనుమానించాలి. ప్లేటు గాళ్లు అరిగినా ఇటువంటి శబ్దమే వస్తుంది.

ఈ దశలో మరొక చిన్న పరీక్ష ఉపయోగపడుతుంది. పెడలు కింద కాలి వేళ్లను ఉంచి కొద్దిగా పైకి లేపాలి. శబ్దం ఆగిపోతే రిలీజ్ బేరింగ్ ఫింగర్లను ఆనుకొని తిరుగుతున్నదని అర్థం. రిటర్న్ స్ప్రింగ్ సాగిపోవడం లేదా ఊడిపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం.

మూడవ దశ: పెడలును కొద్దిగా తొక్కి, గట్టిదనం తగిలిన చోట ఆపడం. పెడలు వదిలి ఉన్నప్పుడు లేని శబ్దం సరిగ్గా ఈ చోటే మొదలైతే అది రిలీజ్ బేరింగ్ లోపం. గ్రీజు ఎండిన బేరింగ్ మొదట సన్నని కీచు శబ్దం చేస్తుంది. బాల్స్ గుంతలు పడిన తరువాత అది గరగర శబ్దంగా మారుతుంది. శబ్దంతోపాటు పాదానికి లయబద్ధమైన అదురు తెలిస్తే ఫింగర్ల ఎత్తులో తేడా ఉన్నదని భావించాలి.

నాలుగవ దశ: పెడలును పూర్తిగా తొక్కి పట్టుకోవడం. మూడవ దశలో నిశ్శబ్దంగా ఉండి, క్లచ్ ప్లేటు విడివడిన తరువాత మాత్రమే శబ్దం మొదలైతే పైలట్ బేరింగ్‌ను అనుమానించాలి. గేరు వేసి పెడలు పట్టుకుంటే ఇన్‌పుట్ షాఫ్టు పూర్తిగా నిలిచిపోతుంది కాబట్టి శబ్దం మరింత స్పష్టమవుతుంది. అయితే క్లచ్ సరిగా విడవకపోతే ట్రాక్టరు ముందుకు కదలవచ్చు. ఈ పరీక్షను చక్రాలకు అడ్డు దిమ్మలు ఉన్నప్పుడు, ఎదుట ఎవరూ లేనప్పుడు మాత్రమే చేయాలి.

పెడలు పూర్తిగా తొక్కినా గేరు వేసేటప్పుడు గీరుడు శబ్దం వస్తే అది బేరింగ్ శబ్దం కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదనడానికి గుర్తు. ఖాళీ కదలిక ఎక్కువ కావడం, ప్లేటు వంగడం, గాళ్లు తుప్పు పట్టి ప్లేటు జరగకపోవడం, పైలట్ బేరింగ్ బిగుసుకొని షాఫ్టును తనతో తిప్పడం ఇందుకు కారణాలు.

ఐదవ దశ: తక్కువ గేరులో పెడలును నెమ్మదిగా వదులుతూ కదలడం. అడ్డు దిమ్మలు తీసివేసి, ఖాళీ స్థలంలో ఈ పరీక్ష చేయాలి. బరువు పడేటప్పుడు లోహం లోహాన్ని గీరుతున్న శబ్దం వస్తే లైనింగు అరిగి రివెట్లు తేలాయని భావించాలి. ట్రాక్టరు అదురుతూ కదిలితే లైనింగుకు నూనె అంటడం, ఫ్లైవీల్ ముఖం వేడికి వంకరపోవడం వంటివి కారణం కావచ్చు. పెడలు వదలగానే ఒక్కసారి ఖణేలుమంటే డ్యాంపర్ స్ప్రింగులను, ప్లేటు గాళ్లను పరిశీలించాలి.

డ్యూయల్ క్లచ్ ఉన్న ట్రాక్టర్లలో

డ్యూయల్ క్లచ్‌లో రెండు ప్లేట్లు ఉంటాయి. సాధారణంగా పెడలును సగం వరకు తొక్కితే ట్రాక్టరు కదలిక ఆగుతుంది. పూర్తిగా తొక్కితే పి.టి.ఓ. కూడా ఆగుతుంది. కాబట్టి నాలుగవ దశను రెండు భాగాలుగా చేయాలి. మొదటి సగంలో రాని శబ్దం రెండవ సగంలో మాత్రమే వస్తే పి.టి.ఓ. వైపు భాగాలను పరిశీలించాలి. పెడలు పూర్తిగా తొక్కినా పి.టి.ఓ. తిరుగుతూనే ఉంటే ఆ ప్లేటు సర్దుబాటు తప్పిందని తెలుసుకోవాలి. రోటావేటర్ తగిలించి ఉన్నప్పుడు వచ్చే శబ్దాలలో కొన్ని ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ బేరింగ్‌లవి. అందుకే పనిముట్టును విడదీసిన తరువాతనే పరీక్షించాలని పైన సూచించడమైనది.

దమ్ము పొలాలలో ప్రత్యేక పరిశీలన

క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలికి కారిన నూనె, నీరు బయటకు పోవడానికి దీనిని ఏర్పాటు చేస్తారు. దమ్ము చేసేటప్పుడు ఈ రంధ్రానికి బిరడా బిగించాలి. లేకపోతే బురదనీరు లోపలికి చేరి బేరింగ్‌లను, గాళ్లను తుప్పు పట్టిస్తుంది. దమ్ము పూర్తికాగానే బిరడాను తప్పనిసరిగా తీసివేయాలి. తీయడం మరిస్తే లోపలికి కారిన నూనె బయటకు పోయే మార్గం లేక లైనింగుకు చేరుతుంది.

ఈ రంధ్రం రోగ నిర్ధారణకు కూడా సాధనమే. బిరడా తీసినప్పుడు వచ్చే ద్రవాన్ని తెల్ల కాగితం మీద పట్టి చూడాలి. నల్లగా పలుచగా ఉంటే అది ఇంజను ఆయిలు. ఫ్లైవీల్ వెనుక ఉండే క్రాంక్ షాఫ్టు సీలు పాడైందన్నమాట. చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటే గేరు ఆయిలు. ఇన్‌పుట్ షాఫ్టు సీలు కారుతున్నదన్నమాట. తుప్పు రంగు నీరు వస్తే బేరింగ్ శబ్దానికి కారణం బయటి తేమ అని ఊహించవచ్చు. సీలు మార్చకుండా ప్లేటు మాత్రమే మారిస్తే కొత్త ప్లేటు కూడా కొద్దికాలంలోనే నూనె పాలవుతుంది.

మూడు ఉదాహరణలు

పై క్రమాన్ని అన్వయించడానికి మూడు ఊహాత్మక సందర్భాలను పరిశీలిద్దాం.

ఒక ట్రాక్టరులో న్యూట్రల్‌లో హోరు వస్తున్నది. పెడలు సగం తొక్కగానే అది ఆగిపోతున్నది. క్లచ్ తొక్కితే ఆగుతున్నది కాబట్టి లోపం క్లచ్‌లోనే ఉన్నదని పైకి అనిపిస్తుంది. వాస్తవానికి పెడలు తొక్కినప్పుడు నిలిచిపోయేది ఇన్‌పుట్ షాఫ్టు. కాబట్టి పరిశీలించవలసినది గేర్ బాక్సు బేరింగ్.

రెండవ ట్రాక్టరులో పెడలు మీద పాదం ఆనించగానే కీచు శబ్దం వస్తున్నది. ఇంజను ఆపి తొక్కితే రావడం లేదు. లింకులు, బుష్‌లు నిర్దోషులని మొదటి దశలోనే తేలింది. మిగిలినది రిలీజ్ బేరింగ్. క్లచ్ జారడం, అదరడం లేకపోతే ప్లేటు బాగానే ఉండవచ్చు. అయినప్పటికీ విప్పిన తరువాత దానిని కొలిచి చూడాలి.

మూడవ ట్రాక్టరు కొన్ని నెలలు షెడ్డులో నిలిచి ఉన్నది. ఇప్పుడు ఏ గేరు వేసినా గీరుతున్నది. ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకొని ఉండవచ్చు. ఇది అరుగుదల వల్ల వచ్చిన లోపం కాదు. ఎక్కువ కాలం నిలిపి ఉంచే ట్రాక్టరులో పెడలును తొక్కి చెక్కదిమ్మతో గాని, కంపెనీ ఇచ్చిన కొక్కెంతో గాని పట్టి ఉంచితే ఈ ఇబ్బంది రాదు.

విప్పిన తరువాత చూడవలసినవి

విడదీసే ముందు ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్క మేకులు కొట్టి ఇంజను పక్కకు ఒరగకుండా చూడాలి. రెండు భాగాలకూ దృఢమైన స్టాండ్లు పెట్టాలి. జాకీ మీద మాత్రమే ఆధారపడరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున లోపలి దుమ్మును గాలితో ఊదరాదు. తడి గుడ్డతో తుడవాలి.

నిర్ధారణలో తేలిన భాగాన్ని మాత్రమే కాక అందుబాటులోకి వచ్చిన భాగాలన్నింటినీ పరిశీలించాలి. లైనింగు ఉపరితలం నుంచి రివెట్టు తల వరకు లోతు 0.3 మి.మీ.కు చేరువైతే ప్లేటు మార్చడం మంచిది. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. పైలట్ బేరింగ్‌ను వేలితో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఇన్‌పుట్ షాఫ్టును పైకి కిందికి కదిపి బేరింగ్ వదులును గమనించాలి. సీలు చేసిన రిలీజ్ బేరింగ్‌ను డీజిలులో గాని కిరోసిన్‌లో గాని కడగరాదు. లోపలి గ్రీజు కరిగిపోయి మంచి బేరింగ్ కూడా పాడవుతుంది.

బిగించేటప్పుడు ప్లేటును సరైన వైపు తిప్పి పెట్టాలి. వెనుక ముందు చేస్తే ప్లేటు మధ్యభాగం ఫ్లైవీల్ బోల్టులకు తగిలి, మరమ్మతు జరిగిన వెంటనే కొత్త శబ్దం మొదలవుతుంది. ప్లేటును డమ్మీ షాఫ్టుతో మధ్యకు సరిచేసి, కవరు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. గాళ్లకు గ్రీజు పలుచని పూతగా మాత్రమే పెట్టాలి. ఎక్కువైతే అది లైనింగు మీదకు చిమ్ముతుంది.

కార్లకు ఈ పద్ధతి వర్తిస్తుందా?

చేతితో గేర్లు మార్చే కార్లకు, జీపులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఒక తేడా గమనించాలి. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న అనేక కార్లలో రిలీజ్ బేరింగ్ ఎల్లప్పుడూ డయాఫ్రమ్ స్ప్రింగ్ ఫింగర్లను తాకుతూ, తిరుగుతూ ఉంటుంది. కాబట్టి మూడవ దశలో శబ్దం కొత్తగా మొదలు కాకుండా, ఉన్న శబ్దమే స్థాయి మారవచ్చు. కొన్ని డీజిలు కార్లలో రెండు భాగాలుగా ఉండే ఫ్లైవీల్ అరిగినప్పుడు, ఇంజను ఆపే క్షణంలో టకటక శబ్దం వస్తుంది. దానిని క్లచ్ ప్లేటు శబ్దంగా పొరబడరాదు.

సూచనలు

నడిపేటప్పుడు పెడలు మీద పాదం ఆనించి ఉంచరాదు. దమ్ములో వేగాన్ని హాఫ్ క్లచ్‌తో కాక తగిన గేరుతో, యాక్సిలరేటరుతో నియంత్రించాలి. ఖాళీ కదలికను సీజనుకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కొలిచి సరిచేయాలి.

ట్రాక్టరును వర్క్‌షాపుకు తీసుకువెళ్లినప్పుడు క్లచ్‌లో శబ్దం వస్తున్నదని మాత్రమే చెప్పడం చాలదు. ఇంజను ఆపినప్పుడు వస్తున్నదా, పెడలు వదిలినప్పుడా, కొద్దిగా తొక్కినప్పుడా, పూర్తిగా తొక్కినప్పుడా, బరువు మీద కదిలేటప్పుడా అన్న ఐదు ప్రశ్నలకు సమాధానాలను కాగితం మీద రాసి ఇవ్వాలి. హౌసింగు రంధ్రం నుంచి ఏ నూనె వచ్చిందో కూడా చేర్చాలి. ఇంతమాత్రం సమాచారం ఉంటే మెకానిక్కు ఏ విడిభాగాలు తెప్పించాలో విప్పకముందే అంచనా వేయగలడు. సీజను మధ్యలో విడిభాగం కోసం ట్రాక్టరు రెండు ముక్కలుగా నిలిచిపోయే పరిస్థితిని ఈ విధంగా చాలావరకు నివారించవచ్చు.